త్రోవలో చెడిన వీడియోను బాగుచేయు విధము

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినది. 2024 సెప్టెంబరు ప్రారంభమున ప్రకాశము బ్యారేజి నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు రాగా రేపల్లె ప్రాంతపు లంకలు మునిగినవి. ఇట్టి దినములలో నష్టపడిన చేనును ఫోనుతో వీడియో తీసి చూపుట రైతునకు ముఖ్యమైన పని. కాని గాలివానలో సిగ్నలు నిలువదు. రేపల్లె నుండి చూపిన దృశ్యము తెనాలిలో చూచువారికి గళ్లు గళ్లుగా చెదరి కనుపింపవచ్చును. దాని నెట్లు సరిచేయుదురో, ఆ సరిచేతను ఎంతవఱకు నమ్మవచ్చునో సభ్యులు తెలిసికొనవలెను.

1. చెడుటకు కారణము

వీడియో ఒక్క మూటగా పోదు; చిన్న చిన్న పొట్లములుగా పోవును. అందు ప్రతి బొమ్మయు సంపూర్ణముగా నుండదు. మొదట నొక పూర్తి బొమ్మయు, పిదప మార్పులు మాత్రమే యుండును. ఇది మన సంఘపు చిట్టా వంటిది. ప్రారంభపు నిలువ వ్రాసి, తరువాత జమాఖర్చులు వ్రాయుదుము. నడుమ నొక పద్దు పోయినచో, నిలువను మరల సరిచూచి వ్రాయువఱకు లెక్కలన్నియు తప్పును. అట్లే ఒక పొట్లము పోయినచో, మరియొక పూర్తి బొమ్మ వచ్చువఱకు మచ్చ నిలిచియుండును.

2. బాగుచేయు మార్గములు

మొదటిది, పోయిన పొట్లమును మరల తెప్పించుట. వాట్సాప్‌లో ఫైలుగా పంపునపుడు జరుగున దిదియే. ఆలస్యమైనను సరుకు చెడదు. ప్రత్యక్షముగా చూపునపుడు ఇందులకు వ్యవధి చాలదు.

రెండవది, ముందే కొంత యదనముగా పంపుట. మూడు బస్తాలు 74, 75, 76 కిలోలు తూగినవనుకొనుడు. మొత్తము 225 అని చీటి కూడ పంపితిమి. ఒక బస్తా తూకము తెలియకున్నను, తక్కిన రెంటి తూకము 149 తీసివేయగా 76 అని తేలును. 1960లో రీడు, సాలమన్ అను గణితజ్ఞులు ప్రకటించిన పద్ధతి ఈ జాతిలోనిదే.

మూడవది అతుకు. పోయిన భాగమును ప్రక్క భాగముతోనో, ముందటి బొమ్మతోనో పూడ్చుదురు. చూపునకు బాగుండును గాని యిది ఊహ మాత్రమే. నీరు ఎక్కిన మడి స్థానమున, క్షణము క్రిందటి నిలిచిన పైరే కనుపింపవచ్చును! నష్టమును రుజువు చేయునపుడు అతుకును సాక్ష్యముగా నెంచరాదు.

3. చేయవలసిన పనులు

తీయుచుండగా చార్జి అయిపోయినచో ఫైలు తెరుచుకొనకపోవచ్చును. చివర వ్రాయవలసిన విషయసూచిక వ్రాయబడకపోవుటయే తరచు కారణము. అదే ఫోనుతో తీసిన మంచి వీడియోను మాదిరిగా జూపి, తగిన సాఫ్టువేరుతో దానిని పెక్కుసార్లు తెరువవచ్చును. ఈ పని నకలుపైననే చేయవలెను.

ప్రత్యక్షముగా చూపినను, ఫోనులో వేరుగా వీడియో తీసి యుంచుకొనుడు. పంపునపుడు డాక్యుమెంటుగా పంపినచో వాట్సాప్ దానిని కుదింపదు. అవతలివారు పూర్తిగా తెరచి చూచితిమని చెప్పువఱకు అసలును తుడిచివేయకుడు. అసలు చేత నున్నచో సిగ్నలు వచ్చిన పిదప మరల పంపవచ్చును; అది పోయినచో మిగులునది అతుకు మాత్రమే.