ఉద్దానం తోట పనికి చేతికుట్టు తోలు బూట్లు: ఎంపిక, కొలత

సారాంశం

ఉద్దానం తోటల్లో పనిచేసేవారికి పాదరక్ష కూడా కొడవలి, గునపం వంటి పనిముట్టే. పాదానికి అమరని బూటు ఎంత నాణ్యమైనదైనా నాలుగు రోజులకే మూలకు చేరుతుంది. అందువల్ల బూటును దుకాణపు సంఖ్యను బట్టి కాక పాదం పొడవు, ముంగాలి చుట్టుకొలత, మడమ అమరికలను బట్టి ఎంచుకోవలసి ఉంటుంది. ఈ కొలతలు తీసే విధానాన్ని, తోలును, కుట్టును పరీక్షించే పద్ధతిని విస్తరణ శాస్త్రజ్ఞుల, విద్యార్థుల ఉపయోగార్థం ఈ వ్యాసం వివరిస్తుంది.

1. పరిచయం

శ్రీకాకుళం జిల్లాలో వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాల తీరప్రాంతం జీడిమామిడి, కొబ్బరి, పనస తోటలకు ప్రసిద్ధం. వేసవిలో జీడి పిక్కలను చెట్ల కింద ఎండుటాకుల్లో చేతులతో వెతికి ఏరుతారు. ఆ ఆకుల కిందనే పాములు, తేళ్ళు తలదాచుకుంటాయి. గట్ల వెంట మొగలి పొదల ముళ్ళు, నరికిన మోళ్ళు ఉంటాయి. మధ్యాహ్నానికి ఇసుక కాలుతుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను తరువాత కూలిన చెట్లను తొలగించే పనిలో ఈ ప్రమాదాలు మరింత పెరిగాయి.

ఈ ప్రాంతంలో పాదరక్షణకు మరొక ప్రాముఖ్యం ఉన్నది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఇక్కడి అనేక కుటుంబాలను పీడిస్తున్నది. బూటు ఒరుసుకుని కాలు నొచ్చినప్పుడు శ్రామికుడు దుకాణంలో నొప్పి మాత్ర కొని వేసుకోవడం సహజం. అయితే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు మూత్రపిండ రోగులకు హానికరం. రక్తపింజరి విషం కూడా మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాబట్టి ఇక్కడ సరిపోని బూటు వల్ల కలిగే నష్టం బొబ్బలతో ఆగదు.

2. ఏ పనికి ఏ బూటు

తోలు బూటు అన్ని పనులకూ పనికిరాదు. వరి మడిలో తోలు నాని పాడవుతుంది. అక్కడ రబ్బరు బూటే తగినది. పొడి నేలల్లో రోజంతా నడిచే జీడి, కొబ్బరి తోటల పనికి చీలమండను కప్పే, సుమారు 15 సెం.మీ. ఎత్తు గల తోలు బూటు అనుకూలం. పాముకాట్లు ఎక్కువగా పాదం, చీలమండ, పిక్క భాగాలపైనే పడతాయి. బూటు ముప్పును తగ్గిస్తుందే గాని పూర్తిగా తొలగించదన్న విషయాన్ని రైతులకు స్పష్టంగా చెప్పాలి.

టెక్కలి పరిసరాల గ్రానైటు క్వారీల్లో ఉక్కు ముందుభాగం గల బూట్లు తప్పనిసరి. భారత ప్రమాణం ఐఎస్ 15298 రెండవ భాగం ప్రకారం ఆ ముందుభాగం 200 జౌళ్ళ దెబ్బను తట్టుకోవాలి. తోట పనికి ఇంత బరువు అనవసరం. పలాస జీడి పరిశ్రమలో పిక్క పెంకు నుండి వచ్చే నూనె చర్మాన్ని కాలుస్తుంది. అక్కడ నూనెను తట్టుకునే నైట్రైల్ రబ్బరు అట్ట మేలు.

3. తోలు, కుట్టు పరీక్ష

పై తోలు సహజమైన పైపొరను కోల్పోని, సుమారు 2 మి.మీ. మందం గలదై ఉండాలి. కోసిన అంచులో పీచు దట్టంగా కనిపించాలి. వేలితో నొక్కినప్పుడు సన్నని ముడతలు పడి, వదలగానే సర్దుకోవాలి. ముక్కలను జిగురుతో అతికి పైన ప్లాస్టిక్ పూత వేసిన తోలు వంపు దగ్గర పగులుతుంది. లోపలి అట్ట తంగేడు చెక్క, కరక్కాయ వంటి వృక్షజన్య పదార్థాలతో శుద్ధి చేసిన తోలుదైతే చెమటను పీల్చుకుని క్రమంగా పాదం ఆకారానికి ఒదుగుతుంది.

కింది అట్టను జిగురుతో మాత్రమే అతికించిన బూటును తిరిగి బాగుచేయడం కష్టం. చుట్టూ తోలు పట్టీ వేసి కుట్టిన బూటుకు అరిగిన అట్టను మార్చుకోవచ్చు. తీరప్రాంతానికి మరి మూడు షరతులున్నాయి: కుట్టుకు కుళ్ళని పాలిస్టర్ దారం వాడాలి, లేసు కన్నాలకు ఉప్పుగాలికి తుప్పుపట్టే ఇనుముకు బదులు ఇత్తడి వాడాలి, ఇసుక చొరబడకుండా నాలుక రెండు పక్కలా పై తోలుకు కలిపి కుట్టాలి.

4. పాదం కొలిచే విధానం

పగలంతా నడిచిన పాదం సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది. కనుక సాయంత్రం పూట, పనిలో వేసుకునే మేజోళ్ళతోనే కొలవాలి.

క) కాగితంపై బరువంతా మోపి నిలబడాలి. పెన్సిలును నిటారుగా పట్టుకుని మరొకరు పాదం చుట్టూ గీత గీయాలి.
చ) మడమ చివరి నుండి అన్నిటికంటే పొడవైన వేలి కొస వరకు కొలవాలి. అది బొటనవేలే కానక్కరలేదు.
ట) మడమ నుండి బొటనవేలి మొదటి కీలు వరకు కొలవాలి. బూటు వంగవలసిన చోటు అదే.
త) ముంగాలిలో అత్యంత వెడల్పైన చోట టేపుతో చుట్టుకొలత తీయాలి.
ప) రెండు పాదాలనూ కొలిచి, పెద్ద పాదం కొలతనే తీసుకోవాలి.

5. సంఖ్యల లెక్క

బూటుపై ముద్రించిన సంఖ్య పాదాన్ని కాక, బూటు కుట్టే అచ్చు పొడవును సూచిస్తుంది. బ్రిటిష్ పద్ధతిలో ఒక్కో సంఖ్యకు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే 8.46 మి.మీ.; యూరప్ పద్ధతిలో 6.67 మి.మీ. ఉదాహరణకు పాదం పొడవు 254 మి.మీ. అనుకుందాం. వేళ్ళ ముందు 15 మి.మీ. ఖాళీ కలిపితే అచ్చు 269 మి.మీ., అనగా 10.59 అంగుళాలు. దీనిని మూడుతో గుణించి 25 తీసివేస్తే 6.8 వస్తుంది. ఆ వ్యక్తి 7వ సంఖ్యతో ప్రయత్నం మొదలుపెట్టాలి.

ఈ లెక్క పొడవుకే పరిమితం. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు, 2022 మార్చి మధ్య లక్షమందికి పైగా పాదాలను కొలిపించింది. భారతీయుల పాదాలు విదేశీ కొలతలు ఊహించిన దానికన్నా వెడల్పుగా ఉన్నాయని ఆ సర్వే తేల్చింది. వెడల్పు చాలనప్పుడు చాలామంది ఒక సంఖ్య పెద్ద బూటు కొంటారు. అప్పుడు వేళ్ళకు చోటు దొరుకుతుంది గాని, బూటు వంగే చోటు కీలుకంటే ముందుకు జరుగుతుంది. మడమ లేచి ఒరుసుకుంటుంది. పురుషుల బూటులో చిన్న సంఖ్యను స్త్రీలకిచ్చినా మడమ వదులయ్యే అవకాశం ఎక్కువ. పిక్కలు ఏరేవారిలో స్త్రీల సంఖ్య గణనీయం కనుక ఈ అంశాన్ని ఉపేక్షించరాదు. చేతికుట్టు బూటులోని అసలు ప్రయోజనం ఇక్కడే ఉన్నది: పొడవు మార్చకుండానే చర్మకారుడు అచ్చుపై తోలు ముక్కలు అతికి వెడల్పు పెంచగలడు.

6. తొడిగి చూడటం, సంరక్షణ

లేసు కట్టక ముందు పాదాన్ని ముందుకు నెడితే మడమ వెనుక ఒక వేలు పట్టాలి. లేసు బిగించి నడిచినప్పుడు మడమ స్వల్పంగా మాత్రమే లేవాలి. పల్లంలో దిగేటప్పుడు వేళ్ళు ముందు తగలరాదు. కొత్త బూటును మొదటి వారం రోజుకు రెండు గంటలకు మించి వాడరాదు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారు, కాళ్ళు వాచే మూత్రపిండ రోగులు వైద్యుని సలహా మీదనే ఎంచుకోవాలి.

తడిసిన బూటును పొయ్యి దగ్గర గాని, ఎండలో గాని కాక నీడలో ఆరబెట్టాలి. ఆరిన తరువాత కొద్దిగా ఆముదం రాయవచ్చు. ఎక్కువైతే తోలు మెత్తబడి సాగుతుంది. ప్రతి ఉదయం తొడిగే ముందు బోర్లించి దులపడం అలవాటు చేసుకోవాలి.

7. ముగింపు

రైతు బూటు వేసుకోకపోవడాన్ని అలవాటు లేకపోవడంగా భావించి వదిలివేయడం తగదు. పంపిణీకి ముందు కొలతలు తీశామా అన్న ప్రశ్న మనం వేసుకోవాలి. గ్రామ సందర్శనకు వెళ్ళే విద్యార్థులు టేపు, కాగితం వెంట తీసుకువెళ్ళి, పదిమంది పాదాలను కొలిచి, వారు వాడుతున్న సంఖ్యతో పోల్చి చూడవలసిందిగా సూచన. ఆ తేడా ఎంతో తెలిసిన తరువాతనే ఏ బూటునైనా సిఫారసు చేయడం సమంజసం.