చేప పిండంపై నానో వెండి పరీక్ష: ఎలా చేయాలి?

నానో వెండి కలిపిన నీళ్ళలో జీబ్రా చేప గుడ్లు వేశారు. మర్నాటికి సగం గుడ్లు తెల్లబడ్డాయి. వాటిని చంపింది వెండి కణమా? కణం నుంచి నీటిలోకి కరిగి వచ్చిన వెండి అయానా? కణాలు ముద్దకట్టకుండా వాటికి పూసిన రసాయనమా? ఈ మూడింటినీ విడదీయలేకపోతే ఎంత శ్రద్ధగా చేసిన పరీక్ష అయినా సగం పనే. కొత్తగా ఈ పనిలోకి దిగే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు మొదటి రోజు నుంచే ఈ ప్రశ్న మనసులో పెట్టుకోవాలి.

జీబ్రా చేప మన గంగా, బ్రహ్మపుత్ర ప్రాంతాల వాగుల్లో తిరిగే చిన్న చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గురించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. ఇవాళ ప్రపంచమంతటా ల్యాబుల్లో ఉంది, హైదరాబాద్ సీసీఎంబీలోనూ ఉంది. గుడ్డు అద్దంలా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపల గుండె కొట్టుకోవడం మామూలు మైక్రోస్కోపులోనే కనిపిస్తుంది. గుడ్లతో చేసే 96 గంటల పరీక్షకు ఓఈసీడీ 2013లో 236వ నంబరు మార్గదర్శకం విడుదల చేసింది. దాన్ని ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకోండి. అది ముఖ్యంగా నీటిలో కరిగే రసాయనాలను ఉద్దేశించి రాసినది. నానో కణం కరుగుతుంది, ముద్దకడుతుంది, అడుగుకు దిగుతుంది, ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. అందుకే కొన్ని పనులు అదనంగా చేయాలి. చేపలు తేవడానికి ముందే మీ సంస్థలోని జంతు నైతికత కమిటీని అడిగి అనుమతి సంగతి తేల్చుకోండి.

మొదట నీళ్ళు, తరవాతే వెండి

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. చేప పిండాలను మామూలుగా పెంచే ఈ3 ద్రావణంలో సోడియం క్లోరైడే 5 మిల్లీమోలార్లు ఉంటుంది. ఆ క్లోరైడ్ వెండి అయాన్లతో కలిసి సిల్వర్ క్లోరైడ్‌గా అడుగుకు దిగుతుంది. ఆ ఉప్పు వల్లే కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. మీరు సీసా మీద 20 నానోమీటర్లని చదువుకుంటారు గానీ పిండం చుట్టూ ఉన్నది అంతకు ఎన్నో రెట్లు పెద్ద ముద్ద కావచ్చు. కాబట్టి క్లోరైడ్ వీలైనంత తగ్గించిన నీళ్ళు తయారు చేసుకుని, కంట్రోల్ పిండాలు అందులో చక్కగా పెరుగుతున్నాయో లేదో ముందు చూడండి. తరవాత అన్ని ప్లేట్లకూ ఆ నీళ్ళే వాడండి.

చెదిరి ఉన్న నానో వెండి ద్రావణం పసుపు రంగులో ఉంటుంది. అది బూడిద రంగుకు తిరిగితే ముద్దకట్టిందని అర్థం. కంటి అంచనాతో ఆగకండి. డీఎల్‌ఎస్ యంత్రం మీద కణాల పరిమాణం కొలవండి: పరీక్ష నీళ్ళలో కలిపిన వెంటనే ఒకసారి, 24 గంటల తరవాత ఇంకోసారి.

డోసులు

ముందు విశాలమైన తేడాలతో ఒక చిన్న పరీక్ష చేసి, పిండాలు ఏ మేరకు తట్టుకుంటాయో తెలుసుకోండి. తరవాత ఐదు డోసులు ఎంచుకోండి. పక్కపక్క డోసుల మధ్య 2.2 రెట్లకు మించి తేడా ఉండకూడదు. ఉదాహరణకు లీటరుకు 0.1, 0.2, 0.4, 0.8, 1.6 మిల్లీగ్రాములు. లీటరుకు 100 మిల్లీగ్రాముల మూల ద్రావణం ఉంటే, 1.6 మిల్లీలీటర్లు తీసుకుని నీళ్ళతో 100 మిల్లీలీటర్లు చేయండి. అందులోంచి 50 తీసి 50 నీళ్ళు కలిపితే 0.8 వస్తుంది. అలాగే కిందికి దిగండి. ప్రతిసారీ పిపెట్ పెట్టే ముందు సీసా మెల్లగా తిప్పండి, లేకపోతే అడుగున ఒక డోసు, పైన ఒక డోసు అవుతుంది.

పక్కనే సిల్వర్ నైట్రేట్‌తో ఇంకో వరుస పెట్టాలి. 1 మిల్లీగ్రాము వెండికి 1.575 మిల్లీగ్రాముల సిల్వర్ నైట్రేట్ కావాలి. వెలుతురు తగలని సీసాలో ఉంచండి. పూత రసాయనం ఒక్కటే కలిపిన నీళ్ళతో మరో ప్లేటు. ఖర్చు పెరుగుతుందని ఈ రెండింటినీ వదిలేయాలనిపిస్తుంది. వదలకండి. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు వీటిలోనే ఉంది.

ప్లేటులోని 24 గుంతలనూ ఆయా ద్రావణాలతో ముందు రోజే నింపి ఉంచండి. ప్లాస్టిక్ పీల్చుకునే వెండిని పీల్చుకోనిచ్చి, మర్నాడు పారబోసి కొత్త ద్రావణం పోయాలి.

గుడ్లు

సాయంత్రం జాలీ అడుగున్న తొట్టిలో ఆడ, మగ చేపలను మధ్య అడ్డుతో వదలండి. జాలీ లేకపోతే పెట్టిన గుడ్లను అవే తినేస్తాయి. తెల్లారి లైటు వేసి అడ్డు తీస్తే కాసేపట్లో గుడ్లు పెడతాయి. మైక్రోస్కోపు కింద కణాలు సమంగా విభజన చెందుతున్నవాటినే ఏరండి. గుడ్ల గుంపులో కనీసం 70 శాతం ఫలదీకరణ చెంది ఉండాలి. ఫలదీకరణ జరిగిన 3 గంటల లోపే గుంతకు ఒకటి చొప్పున, 2 మిల్లీలీటర్ల ద్రావణంలో వేయాలి. ప్రతి ప్లేటులో 20 గుడ్లకు డోసు, మిగతా 4 గుంతల్లో కంట్రోల్‌గా వెండి కలపని అవే నీళ్ళు. ఆ నాలుగింటిలో ఒకటి కన్నా ఎక్కువ చనిపోతే ఆ ప్లేటు లెక్కలోకి రాదు. ఒక ప్లేటులో లీటరుకు 4 మిల్లీగ్రాముల 3,4-డైక్లోరోఅనిలీన్ పెట్టండి. అందులో 96 గంటలకు కనీసం 30 శాతం చనిపోవాలి. అప్పుడే మీ గుడ్లు విషానికి స్పందిస్తున్నాయని నమ్మవచ్చు. ఉష్ణోగ్రత 26 డిగ్రీలు, అటూ ఇటూ ఒక డిగ్రీ.

నాలుగు రోజులు

రోజూ ద్రావణం మార్చి, అదే వేళకు చూడండి. చావుకు గుర్తులు నాలుగు: గుడ్డు విరిగిన పాలలా తెల్లబడటం, సోమైట్లు అనే కండర ఖండాలు ఏర్పడకపోవడం, తోక సొన సంచి నుంచి విడివడకపోవడం, 48 గంటల నుంచి చూస్తే గుండె కొట్టుకోకపోవడం. ఏ ఒక్కటి కనిపించినా చనిపోయినట్టే. వంకర వెన్ను, గుండె చుట్టూ నీరు, ఆలస్యంగా పొదగడం విడిగా రాసుకోండి. ప్లేటు మీద డోసు బదులు సంకేతం రాసి, సంగతి తెలియని మిత్రుడి చేత లెక్కపెట్టించడం మంచిది. కంట్రోల్‌లో 90 శాతం బతకకపోయినా, 80 శాతం పొదగకపోయినా మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

ఇదంతా జరుగుతుండగానే ప్రతి డోసు నుంచి కొంత ద్రావణం తీసి మొత్తం వెండిని, అల్ట్రాఫిల్టర్ దాటి వచ్చిన కరిగిన వెండిని ఐసీపీ-ఎంఎస్‌తో కొలిపించండి. ఎల్‌సీ50ని, అంటే సగం పిండాలను చంపే గాఢతను, ఈ రెండు అంకెల మీదా విడివిడిగా లెక్కకట్టండి. కరిగిన వెండి లెక్కన నానో వరుస, నైట్రేట్ వరుస ఒకదానిమీద ఒకటి పడితే చంపింది ప్రధానంగా అయాన్లే అనుకోవచ్చు. నానో వరుసలో చావులు అంతకు మించి ఉంటే, పూత ప్లేటు కూడా శుభ్రంగా ఉంటే, అప్పుడే కణం మీద నేరం మోపండి. వేరే రోజుల్లో పెట్టిన గుడ్లతో మరో రెండుసార్లు చేశాకే ఆ మాట రాయండి.

చివరగా ఒక విన్నపం. బతికిన పిండాలకు ట్రైకైన్ మోతాదు మించి ఇచ్చి బాధ లేకుండా ముగించండి. ప్లేట్లలో మిగిలిన వెండి నీళ్ళను సింకులో పోయకండి. మూత ఉన్న డబ్బాలో పట్టి, పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్ళేవారికి ఇవ్వండి.