శరీర సాధకము – మన యౌవన బిడ్డలు

పాఠ్యభాగములు: 1 తిమోతి 4:7–8, అపొస్తలుల కార్యములు 20:7–14



బిడ్డలు ఆటకు పోయెదమన్నప్పుడు పెద్దలమైన మనము తరచుగా ఎత్తి చూపు వచనము తిమోతి పత్రికలోనిది. శరీర సాధకమువలన ప్రయోజనము కొంచెమేనని పౌలు వ్రాసెను గదా అందుము. అయితే ప్రయోజనము లేదని అతడు చెప్పలేదు. దైవభక్తి రాబోవు జీవమునకు కూడ పనికివచ్చును గనుక, దాని ప్రక్కన పెట్టి దీనిని కొంచెమనెను. ఆ కొంచెమైనను మన బిడ్డలకు దక్కనీయకుండుటకు ఆ వచనము ఆధారము కాదు.

పౌలు నడచిన మనిషి. త్రోయలో తెల్లవారువరకు మాటలాడిన తరువాత, తనతోటివారు ఓడలో వెళ్లగా, అతడు అస్సువరకు కాలినడకనే వెళ్లుటకు నిర్ణయించుకొనెను. ఆ దారి సుమారు 30 కిలోమీటర్లు. అదే అధ్యాయములో కిటికీలో కూర్చుండి, నిద్రపోయి క్రిందపడిన యౌవనస్థుడు ఐతుకు కూడ ఉన్నాడు. (దీర్ఘ ప్రసంగములు చేయు మనము ఆ భాగమును త్వరత్వరగా దాటిపోదుము.)

ఇక మన ఇండ్ల సంగతి. షోలాపూరు మగ్గములకు, కోలారు గనులకు వలస వచ్చిన మన పితరులకు వ్యాయామము చేయుమని ఎవరును చెప్పనక్కరలేకపోయెను. తమ బిడ్డలు కూర్చుండి చదువుకొనవలెననియే వారు కష్టపడిరి. ఆ కోరిక నెరవేరినది. 14 ఏండ్ల బిడ్డ దినమును లెక్కించి చూడుడి: బడిలో బల్లమీద 6 గంటలు, రాకపోకలు ఆటోలో, సాయంకాలము ట్యూషను, రాత్రి సెల్‌ఫోను. బడి భాష కన్నడమో మరాఠీయో ఒడియాయో గనుక, బైబిలు చదువుటకై తెలుగు మనమే నేర్పవలెను. అదియు ఆదివారము కూర్చుండబెట్టియే నేర్పుచున్నాము. డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారుకు ఇచ్చివేయుట ఉపాధ్యాయులుగా పనిచేసిన మనలో చాలమంది చేసిన పనియే.

5 నుండి 17 ఏండ్ల వారు దినమునకు సగటున 60 నిమిషములు, ఊపిరి వేగము పెరుగునట్లు శరీరమును కదల్చవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఎముకల బలములో అధిక భాగము 20 ఏండ్లలోపే చేరును. ఆ వయస్సు దాటిన తరువాత పోగుచేసికొనుట కష్టము. 146 దేశములలోని బడిపిల్లల 2016 నాటి లెక్కలను ఆ సంస్థ 2019లో ప్రకటించగా, 11–17 ఏండ్ల వారిలో 81 శాతము మందికి ఆ గంట కదలిక లేదని తేలినది. మగపిల్లలలో 78, ఆడపిల్లలలో 85 శాతము. మన ఇండ్లలో ఈ తేడా ఎందుకు వచ్చునో మనకు తెలియనిది కాదు. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే మొదట మాన్పించునది ఆటనే.

మా సంఘములో జరిగినది దాచక చెప్పుదుము. కొన్ని సంవత్సరముల క్రితము బంతి తగిలి మందిరపు కిటికీ అద్దము పగిలినది. పెద్దలము కూడి, సాయంకాలము ఆవరణ గేటుకు తాళము వేయుటకు తీర్మానించితిమి. అద్దము మరల పగులలేదు. అద్దె గదులలో నుండు ఆ పిల్లలకు చుట్టుప్రక్కల వేరే ఖాళీ స్థలము లేదని అప్పుడు మాకు తోచలేదు. వారు గోడ నానుకొని ఫోను చూచుచుండగా ఒక తల్లి మమ్మును అడిగినది: "అయ్యగారూ, ఆ అద్దం ఖరీదెంతండీ?" మేము జవాబు చెప్పలేకపోతిమి.

ఇప్పుడు బుధవారము, శనివారము సాయంకాలము 5 నుండి 6 వరకు గేటు తీయుచున్నాము. మగపిల్లలు వెంటనే వచ్చిరి; ఆడపిల్లలు రాలేదు. స్త్రీల సమాజములోని ఇద్దరు సహోదరీలు కొంగు బిగించి, తామే రింగు ఆట మొదలుపెట్టిన తరువాత నలుగురు వచ్చిరి. వారమునకు రెండు గంటలు చాలవని ఎరుగుదుము. కాబట్టి బడి దగ్గరలో నున్నవారిని నడిపించుడని, రోడ్డు దాటుచోట ఒక పెద్దవారు వెంట నుండుడని తల్లిదండ్రులను బతిమాలుచున్నాము. తెలుగు తరగతిలో కంఠత వాక్యములను మందిరము చుట్టు నడచుచు అప్పగించుచున్నారు. కిటికీలకు ఇనుప జాలీ వేయించితిమి; ఖర్చు పెద్దలమే పెట్టుకొంటిమి. గేటు తాళపుచెవి ఇప్పుడు యౌవనస్థుల కూటపు కార్యదర్శి యొద్ద నున్నది.