పరుగులో పాదం ముందుభాగపు నొప్పి

కొల్లాపూర్ నుండి కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల వైపు పోయే దారిలో తెల్లవారుజామున పరుగు అభ్యసించే మాకు, క్రీడోత్సవాలు సమీపించినప్పుడల్లా ఒకటే బాధ: అరికాలిలో, వేళ్ల మొదళ్ల దగ్గర నొప్పి. దానిని ఓర్చుకొని పరుగెత్తడమే సాహసమని మేమూ భావించినాము. అది పొరపాటు.

వేళ్లకు వెనుక అయిదు పొడుగాటి ఎముకలున్నవి. పరుగులో ప్రతి అడుగుకూ శరీరపు బరువుకు రెండు మూడు రెట్ల భారం పాదంపై పడుతుంది. మునివేళ్లపై పరుగెత్తేవారికి ఆ భారం ఎక్కువగా ఈ ఎముకల కొనలదే. అరిగిన బూట్లు, బిగిసిన పిక్కలు, ఒక్కసారిగా పెంచిన దూరం దానిని ఇంకా పెంచుతాయి.

నొప్పులన్నీ ఒకటి కావు. అరికాలి మెత్తన అంతటా సలిపి, విశ్రాంతితో తగ్గేది సామాన్యమైనది. మూడవ, నాల్గవ వేళ్ల మధ్య మంట, తిమ్మిరి ఉంటే నరం ఒత్తుకుంటున్నదేమో చూడవలె. ముందు ఇరుకు బూట్లు విడవవలె. కాని పాదంపై వేలితో నొక్కినప్పుడు ఎముక మీద ఒకేచోట తీవ్రమైన నొప్పి ఉంటే, అది సన్నని చీలిక కావచ్చును. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ కవాతు సిపాయిల వాచిన పాదాలను వర్ణించినాడు. అప్పటికి ఎక్స్-రే లేదు. నేటికీ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్-రేలో ఈ చీలిక తరచుగా కనిపించదు. కనుక చిత్రం బాగున్నదని మళ్లీ పరుగు మొదలుపెట్టరాదు. అతకడానికి సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది.

పోటీకి పేర్లు వ్రాసుకొనేటప్పుడు కుంటుతున్నవారిని ఒక్క మాట అడగవలసిందిగా క్రీడల కమిటీ పెద్దలను కోరుతున్నాము. తమంతట తాము చెప్పడానికి మావాళ్లకు సిగ్గు.