దవాఖాన కడితే నౌకరి వచ్చినట్టేనా?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: అక్కా, మాది ఖిలా వరంగల్. మట్టికోట లోపలనే ఇల్లు. జీఎన్ఎం అయ్యి మూడేండ్లయింది. హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖానల పద్నాలుగు వేలకు చేస్తున్న. నైట్ డ్యూటీల ఇద్దరమే ఉంటం, పేషెంట్లేమో ముప్పై మందికి తక్కువుండరు. పాత జైలు జాగల 24 అంతస్తుల దవాఖాన లేస్తున్నది కదా, అది తెరిస్తే మీ అందరికీ నౌకర్లేనని మా నాయన అంటడు. ఉన్నది ఇడిచిపెట్టి కోచింగ్‌కు పోవాల్నా?

జవాబు: చెల్లే, మీ నాయన ఆశ మీద నీళ్లు చల్లడం నాకిష్టం లేదు. కానీ దవాఖాన వేరు, పోస్టు వేరు. 2021 జూన్‌లో ఆ భవనానికి శంకుస్థాపన చేసినప్పుడు 2,000 పడకలన్నారు. పడకలు వేయడం ఒక పని. వాటి పక్కన నిలబడే సిస్టర్లకు ఆర్థిక శాఖ పోస్టులు మంజూరు చేయడం ఇంకో పని. ఆపైన వైద్యారోగ్య సేవల నియామక బోర్డు నోటిఫికేషన్ ఇవ్వాలి. ఇప్పుడు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఉన్న సిస్టర్లనే కొందరిని అటు సర్దినా ఆశ్చర్యపోను. కాబట్టి ఎన్ని అంతస్తులు లేచాయని కాదు, ఎన్ని పోస్టులకు జీవో వచ్చిందని చూడు.

అలాగని పోస్టులు రాలేదనీ కాదు. 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, తర్వాత 7,094కు పెంచారు. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మంది నియామక పత్రాలు అందుకున్నారు. అదే ఏడు సెప్టెంబరులో ఇంకో 2,050 పోస్టులు వేశారు. ఇవన్నీ ఊరికే పుట్టుకురాలేదు. జిల్లాకో మెడికల్ కాలేజీ అన్నారు కదా, మన చుట్టూనే చూడు: మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో, ములుగు, నర్సంపేటల్లో 2024లో మొదలయ్యాయి. కాలేజీకి అనుబంధంగా పెద్దాసుపత్రి ఉండాలి. అలాంటి ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ లెక్క ఏ వార్డులో అచ్చంగా అమలవుతుందో నన్నడగకు. కానీ పోస్టులు అడగడానికి అదే ఆధారం.

ఇక్కడ చాలామంది జోన్ దగ్గర బోల్తా పడతారు. స్టాఫ్ నర్సుది జోనల్ పోస్టు. వరంగల్, హన్మకొండ, మహబూబాబాద్, ఖమ్మం, కొత్తగూడెం జిల్లాలు భద్రాద్రి జోన్. నర్సంపేట మన జిల్లానే కాబట్టి అదీ ఇందులోదే. ములుగు బస్సెక్కితే వచ్చేస్తుంది, కానీ అది భూపాలపల్లితో పాటు కాళేశ్వరం జోన్. జనగామ యాదాద్రి జోన్. ఆ రెండు జోన్లలో నువ్వు నాన్‌లోకల్‌వి. నూటికి 95 పోస్టులు అక్కడి లోకల్ వాళ్లకే పోతాయి. లోకల్ అంటే ఇప్పుడున్న ఇల్లు కాదు, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువేండ్లు ఎక్కడ చదివావన్నది. బడి నుంచి బోనఫైడ్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకో. నోటిఫికేషన్ పడ్డాక హెడ్మాస్టరు దొరకడు.

ఇక కోచింగ్ సంగతి. గత రెండు నోటిఫికేషన్లలోనూ పరీక్షకు 80 పాయింట్లు, సర్వీసుకు 20. ప్రభుత్వ దవాఖానలో కాంట్రాక్ట్ గానీ ఔట్‌సోర్సింగ్ గానీ చేస్తే ప్రతి ఆరు నెలలకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. అంటే మైదానంలో ఐదేండ్లకు నిండే ఇరవై, ఏజెన్సీలో నాలుగేండ్లకే నిండుతాయి. నువ్వు ప్రైవేటులో చేసిన మూడేండ్లకు వచ్చేది సున్నా. నేనైతే ఉద్యోగం మానేసి కోచింగ్ సెంటరులో కూర్చోను. పల్లె దవాఖానో, బస్తీ దవాఖానో, ఏటూరునాగారం దిక్కు ఆసుపత్రో, ఎక్కడ కాంట్రాక్ట్ పోస్టు పడినా దరఖాస్తు పెడతాను. చదువు డ్యూటీ అయ్యాక. ఆ 80 పాయింట్లకు అడిగేది నువ్వు జీఎన్ఎంలో చదివిన సబ్జెక్టులే. చేరిన రోజు నుంచి ఆర్డరు కాపీలు, సర్వీసు సర్టిఫికెట్లు దాచుకో. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ అంటూ ఎవరైనా పోస్టుకు పైసలడిగితే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయ్.

ప్రశ్న: ఆరోగ్యశ్రీ పది లక్షలైంది, మా దవాఖానకు పేషెంట్లు పెరిగారు. మా జీతాలు పెరగలేదు. అడిగే హక్కు మాకుందా మేడమ్? - ఒక స్టాఫ్ నర్సు, శివనగర్

జవాబు: అడగొచ్చు, చేతిలో కాగితం కూడా ఉంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సుల జీతాల మీద సిఫారసులు చేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో సర్కారు నర్సుతో సమానం. 100 నుంచి 200 పడకలుంటే పది శాతానికి మించి తగ్గొద్దు. 50 నుంచి 100 పడకలుంటే పాతిక శాతం దాకా తగ్గించవచ్చు. యాభైకి లోపున్నా కనీసం 20,000 ఇవ్వాలి. మన సర్కారు స్కేలు 36,750 దగ్గర మొదలవుతుంది కాబట్టి మీ పడకల సంఖ్యతో లెక్క మీరే కట్టుకోండి. అయితే అది సిఫారసే, దానంతటది అమలు కాదు. కేరళలో నర్సులు రోడ్డెక్కాక 2018లో కనీస వేతనం పెంచుతూ ఉత్తర్వులొచ్చాయి.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో ఐదు లక్షల నుంచి పదికి పెరిగింది, నిజమే. కార్డుతో రోగి వెంటనే వస్తాడు, సర్కారు నుంచి బిల్లు డబ్బు వెంటనే రాదు. 2025 సెప్టెంబరులో బకాయిల కోసమే నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపాయి. మీ యాజమాన్యం దాన్నే చూపి జీతాలు ఆపుతుంటే, నలుగురు కలిసి రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే పోతే మరుసటి నెల డ్యూటీ రోస్టరులో పేరుండదు.

ప్రశ్న: మా బిడ్డ బీఎస్సీ నర్సింగ్ అయింది. జర్మనీ పంపిస్తా, ఐదు లక్షలు కట్టమని ఒకాయన అంటున్నడు. చెలక అమ్మమంటరా? - ఒక తల్లి, ఖిలా వరంగల్

జవాబు: చెలక జోలికి పోకండమ్మా. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్ర ప్రభుత్వానికే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో. జర్మనీ ప్రభుత్వంతో కలిసి నడిపే ట్రిపుల్ విన్ అనే కార్యక్రమంలో ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఫీజు తీసుకోరు. అసలు కష్టం భాషది. జర్మన్‌లో బీ1 స్థాయి అయ్యాక బీ2 దాకా నేర్వాలి, నెలల తరబడి పని. బిడ్డ ముందు జర్మన్ క్లాసుకు రెండు నెలలు పోయి చూడనివ్వండి, తనకే తెలుస్తుంది. ఇక ఆ పెద్దమనిషిని కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చిన రిక్రూటింగ్ ఏజెంటు లైసెన్సు నంబరు అడగండి. లైసెన్సున్న ఏజెంటైనా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మరి మిగతా నాలుగున్నర లక్షలు దేనికో ఆయన్నే కాగితం మీద రాసిమ్మనండి.