నీలాపనింద

అనకాపల్లి జిల్లాలో ఎస్. రాయవరమను గ్రామము కలదు. ఎస్. అనగా సర్వసిద్ధి. మహాకవి గురజాడ అప్పారావు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన ఈ యూరిలో జన్మించెను. నాడిది విశాఖపట్టణము జిల్లాలోని గ్రామము. 2022లో అనకాపల్లి ప్రత్యేక జిల్లా యైనప్పుడు అందు చేరినది. ఆ 1862వ సంవత్సరమే జనవరి 1వ తేదీనుండి భారత శిక్షాస్మృతి యమలులోనికి వచ్చెను. ఒకని పేరుప్రతిష్ఠలకు భంగము కలుగునట్లు నింద మోపుట నేరమని దాని 499వ సెక్షను నిర్ణయించినది. ఈ రెండును ఒకే యేట జరుగుట కేవలము కాకతాళీయము. కాని రాయవరమున పుట్టిన యా శిశువు పెరిగి పెద్దవాడై వ్రాసిన నాటకమున, ఒక లేని నింద ఎట్లు పుట్టి, ఎట్లు పెరిగి, మనుష్యుని ఎంతవఱకు తఱుముకొనిపోవునో చక్కగా చూపబడినది.

ఆ నాటకము కన్యాశుల్కము. ఇది 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో మిక్కిలి పెంచి తిరిగి వ్రాయబడినది. ఇందు లుబ్ధావధానులను ముసలివాడు డబ్బిచ్చి ఒక పసిపిల్లను పెండ్లాడ సిద్ధపడును. ఆ పిల్లకు మేనమామయైన కరటకశాస్త్రి యీ పెండ్లి తప్పింపదలచి, తన శిష్యుడైన మహేశమునకు ఆడవేషము వేసి, కన్యయని నమ్మించి, ముసలివానికి కట్టబెట్టును. పెండ్లియైన కొలది దినములకే పెండ్లికూతురు మాయమగును. ఇక ఊరివారి నోళ్లకు పని కలిగినది. పిల్ల యేమైనది? ముసలివాడు చంపివేసెనట! ఒకడు అనుమానముగా అన్నమాటను రెండవవాడు నిశ్చయముగా చెప్పును. మూడవవాడు దానికి సాక్ష్యము కూడ కల్పించును. పోలీసులు ప్రవేశింతురు. హత్యానేరము తలమీదకు వచ్చును. చంపబడినదని లోకము ఘోషించిన బాలిక అసలు లోకముననే లేదు!

లుబ్ధావధానులు మంచివాడు కాడు. పేరునకు తగిన లోభి. ముదిమిలో ముక్కుపచ్చలారని పిల్లను కొనబోయినవాడు. ఇట్టివానికి తగిన శాస్తి జరిగినదని ప్రేక్షకుడు తొలుత నవ్వును. గురజాడవారి నేర్పిచ్చటనే యున్నది. చేసిన తప్పునకు అవధానులను ఎవ్వరును నిలదీయలేదు. చేయని హత్యకు మాత్రము అందఱును వేలెత్తి చూపిరి. విశాఖపట్టణమున సౌజన్యారావు పంతులను వకీలు అతనిని కాపాడవలెనని పాటుపడును గాని, నిజము తెలియక అతని చేతులు కట్టువడియుండును. తుదకు సంఘము గౌరవింపని మధురవాణి మగవేషము ధరించి, ఆ వకీలు నింటికి పోయి, పెండ్లికూతురు ఆడుపిల్లయే కాదను రహస్యమును బయటపెట్టును. దానితో హత్యాపవాదము కూలిపోవును.

నీలాపనింద యను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. వినాయక చవితినాడు చదువుకొను శ్యమంతకోపాఖ్యానమున శ్రీకృష్ణునిపై అట్టి నిందయే పడినది. మణికొఱకు ప్రసేనుని చంపెనని ద్వారక అంతయు గుసగుసలాడెను. అంతటివాడును ఇంట కూర్చుండక, అడవిలో జాడలు వెదకి, జాంబవంతునితో పోరి, మణిని తెచ్చి చూపవలసివచ్చినది. నింద వేసినవానికి శ్రమ లేదు. నిరూపించు శ్రమ యంతయు నిందపడినవానిదే. ఈ భారమును కొంత తగ్గించుటకే చట్టము పుట్టినది.

ఆ చట్టమును స్థూలముగా నిట్లు చెప్పవచ్చును. మాటతో గాని, వ్రాతతో గాని, సైగతో గాని, బొమ్మతో గాని ఒకని పేరు చెడునని తెలిసియు నింద మోపి నలుగురికి తెలుపుట నేరము. నలుగురికి తెలియుట ముఖ్యము. ఒకనిని ఏకాంతమున తిట్టుట యీ సెక్షను క్రిందికి రాదు. చనిపోయినవారిపై మోపిన నిందయు, బ్రతికియున్న వారి బంధువులను నొప్పించు తలంపుతో చేసినదైనచో, నేరమే కావచ్చును. పూర్వపు శిక్షాస్మృతికి బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత యమలైనది. దాని 356వ సెక్షను ప్రకారము రెండేండ్లవఱకు సాధారణ ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని, లేక సమాజసేవ గాని విధింపవచ్చును. ఈ సమాజసేవ క్రొత్తగా చేర్చబడిన శిక్ష. నోటిదురుసునకు చెఱసాలకంటె నిదియే తగినదని తోచును.

అయితే నొప్పించు ప్రతిమాటయు నేరము కాదు. సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ సెక్షను అస్పష్టముగా నున్నదనియు, ఎవరికి ఏ మాట కోపము తెప్పించినను నేరమగు ప్రమాద మున్నదనియు సుప్రీంకోర్టు 2015లో దానిని కొట్టివేసినది. ఆ న్యాయస్థానమే 2016లో పరువునష్టపు చట్టమును మాత్రము సమర్థించినది. పేరుప్రతిష్ఠలు మానవుని జీవనహక్కులో భాగమని చెప్పినది.

పేరులేని పుకారులు వేఱొక విధమైనవి. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను సందేశములు తెలంగాణములో ఫోనునుండి ఫోనునకు ప్రాకినవి. వానిలో ఏ ఒక్కరిపేరును లేదు. కనుక పరువు పోయినదని ఫిర్యాదు చేయువాడును లేడు. కాని ఆ పుకారు తనకు కావలసిన మనిషిని వీధిలో వెదకికొన్నది. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షకై వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనము అనుమానించి కొట్టి చంపిరి. ఆ దినములలోనే జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి పల్లెలకు పోలీసులను కేటాయించి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఫోనులో వచ్చినదెల్ల నమ్మవలదని ప్రజలకు నచ్చజెప్పించెను. పుకారు వచ్చిన త్రోవనే దాని విఱుగుడును పంపిన యుపాయమిది.

అబద్ధము సంగతి యిట్లుండగా, చెప్పినది నిజమైనచో నేమి? నిజము గనుక ఎవరి యింటి సంగతినైనను వీధిలో పెట్టవచ్చునా? పాత శిక్షాస్మృతియే దీనికి కొంత సమాధాన మిచ్చినది: నిజమైనంత మాత్రమున చాలదు, దానిని వెల్లడించుట ప్రజాక్షేమమునకు అవసరమై యుండవలెను. మధురవాణి చెప్పిన రహస్యము అట్టిదే. దానివలన ఒక ప్రాణము నిలిచినది. 1994లో సుప్రీంకోర్టున జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి యింకను ముందుకు పోయెను. తమిళనాడులో ఉరిశిక్ష పడిన ఒక ఖైదీ వ్రాసిన జీవితకథను పత్రికలో అచ్చువేయవచ్చునా యనునది నాటి వివాదము. ప్రభుత్వము ముందుగానే అడ్డుపడరాదని ఆయన తీర్పు చెప్పెను. కాని తన కుటుంబము, వివాహము, సంతానము, విద్య మొదలగు వానిని తనకే యుంచుకొను హక్కు ప్రతివానికిని కలదనియు, పొగడ్తయైనను తెగడ్తయైనను, నిజమైనను కాకపోయినను, అనుమతి లేనిదే ప్రచురింపరాదనియు చెప్పెను. ప్రజారికార్డులలో నున్న సంగతులకును, అధికారుల యుద్యోగ వ్యవహారములకును ఈ తెర లేదు. బాలబాలికలకు మాత్రము తెర మఱింత దట్టము. న్యాయవిచారణకు వచ్చిన పిల్లల పేరు, బడి, చిరునామా, ఫోటో ప్రచురించుటను 2015 నాటి బాలల న్యాయచట్టము నిషేధించినది.

ఈ గోప్యతాహక్కునకు మొదట గొంతునిచ్చినవారిలో రాజమహేంద్రవరమున పుట్టిన కోకా సుబ్బారావు ఒకరు. ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధానన్యాయమూర్తి యైన యాయన 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నుండెను. ఉత్తర ప్రదేశమున ఖరక్ సింగ్ అనువానిపై దొంగతనపు కేసు నిలువకపోయినను, పోలీసులు రాత్రివేళ అతని తలుపు తట్టుచుండిరి. ఆ రాకలు చెల్లవని న్యాయమూర్తులందఱును ఒప్పుకొనిరి గాని, గోప్యత రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులు తీర్మానించిరి. సుబ్బారావు, మఱియొక న్యాయమూర్తి షా మాత్రము విడిగా నిలిచి, గోప్యత లేనిదే స్వాతంత్ర్యము లేదని వ్రాసిరి. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ పాత తీర్పును త్రోసిపుచ్చి, గోప్యత ప్రాథమికహక్కని ప్రకటించిరి. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఉండెను. సుబ్బారావు 1976లోనే స్వర్గస్థుడయ్యెను.