క్షేత్రసిబ్బందికి ప్రేరణ – నాయకత్వ శైలి: కోనసీమ పంట విరామం నేర్పిన పాఠం

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి సాగు మాని పంట విరామం ప్రకటించారు. పెరిగిన కూలి ఖర్చు, గిట్టుబాటు కాని ధర, పూడిన మురుగు కాలువల వల్ల ముంపు ఇందుకు ప్రధాన కారణాలు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యం కనీస మద్దతు ధర క్వింటాలుకు 1080 రూపాయలు. సమస్యల పరిశీలనకు రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీని నియమించింది.

ఈ కారణాలలో ఏదీ కొత్త వంగడాల ప్రచారంతో తీరేది కాదు. ఇట్టి స్థితిలో లక్ష్యాలు విధించి నివేదికలు మాత్రమే కోరే నిరంకుశ శైలి విస్తరణ ఉద్యోగిని నిరుత్సాహపరుస్తుంది. 1939లో కర్ట్ లెవిన్ బృందం పరిశీలించిన నిరంకుశ, ప్రజాస్వామిక, నిర్లిప్త శైలులలో రెండవది ఇక్కడ అనుసరణీయం. సిబ్బంది గుర్తించిన ముంపు సమస్యను అధికారి నీటిపారుదల శాఖ దృష్టికి తీసుకువెళ్లి, ఫలితాన్ని వారికి తిరిగి తెలపాలి. అప్పుడే ఉద్యోగి మాటకు రైతు వద్ద విలువ పెరుగుతుంది; ఆ విలువే అతనికి బలమైన ప్రేరణ.